మహమ్మారి - ముదిమి

2020వ సంవత్సరపు వేసవిలో మన తెలుగునాట ఒక ప్రశ్న వాడుకలోనికి వచ్చెను. ఫలానావారు కరోనాతో పోయినారని తెలియగానే, "అయ్యో!" అనుటకు ముందే, "వయస్సెంత?" అని అడుగుట అలవాటయ్యెను. 80 అని బదులు వచ్చినచో అడిగినవారి ముఖము కొంత తేటపడెడిది. 40 అని వచ్చినచో నల్లబడెడిది. అడిగినవారు క్రూరులు కారు. వారిలో చాలమంది ఇంట తల్లిదండ్రులను ప్రేమతో చూచుకొనువారే. అయినను మృతుని వయస్సునకును తమ వయస్సునకును నడుమనున్న దూరమును కొలిచి, ఆ దూరమును ధైర్యముగా మార్చుకొనుచుండిరి. ఆ ధైర్యమునకు వెల చెల్లించినవారు వేరొకరు. వారు అదే యింటి అరుగుపై కూర్చుండి ఆ మాటలన్నియు వినుచుండిన పెద్దలు.

హైదరాబాదు వీధులలో వినబడిన ఈ ప్రశ్నయే ఓరుగల్లు సీమ పల్లెలలోను వినబడెను. ఈ సీమలో గూడూరను పేరుగల ఊళ్ళు ఒకటి కంటె ఎక్కువ. పాలకుర్తి మండలములోని గూడూరు నేడు జనగామ జిల్లాలో చేరినది. పాకాల అడవుల అంచున, లంబాడీల తండాలకును కోయగూడెములకును నడుమ, మండల కేంద్రముగా నున్న గూడూరు మహబూబాబాదు జిల్లాలోనిది. 2016 అక్టోబరు 11వ తేదీన జిల్లాల పునర్విభజన జరుగువరకు రెండును వరంగల్లు జిల్లాలోనివే. ఇట్టి ఊళ్ళలో వృద్ధాశ్రమములు అరుదు. ముసలివారికి ఇల్లే ఆశ్రమము. కావున మహమ్మారి కాలములో పెద్దలయెడ మన నడవడి యెట్లుండెనో తెలిసికొనుటకు దూరదేశములకు పోనక్కరలేదు. ఇటువంటి ఊరిలో ఒక గడపయొద్ద నిలిచిన చాలును.

భాషలోని రెండు ముఖములు

మన మాటలనే ముందుగా పరిశీలింతము. "వృద్ధుడు" అను మాట "వృద్ధి" అను మాటకు తోబుట్టువు. రెండింటికిని ధాతువొక్కటే, పెరుగుట దాని యర్థము. అచ్చ తెలుగులో "పెద్ద" అనునది పరిమాణమునకు, వయస్సునకు, అధికారమునకు కూడ చెల్లును. ఊరిపెద్ద, ఇంటిపెద్ద, పెద్దమనిషి - ఇట్టి పలుకుబళ్ళు గల జాతి ముసలివారిని నిరాదరింపదని మనము నమ్ముదుము. కాని అదే భాషలో "కాటికి కాళ్ళు చాచినవాడు" అను మాటయు కలదు; "అరవై యేండ్లకు అరులు మరులు" అను మాటయు కలదు. నెమ్మదిగా గడచు దినములలో మొదటి రకపు మాటలు పైకి వచ్చును. భయము కలిగిన దినములలో రెండవ రకపు మాటలు నాలుకపైకి వచ్చును. మహమ్మారి క్రొత్త దుర్గుణమును పుట్టింపలేదు. లోపల దాగియున్న దానిని వెలికి తెచ్చినది.

ఈ దుర్గుణమునకు శాస్త్రజ్ఞులు పేరు పెట్టి ఎంతో కాలము కాలేదు. అమెరికా దేశపు వైద్యుడు రాబర్ట్ బట్లర్ 1969లో దీనిని "ఏజిజమ్" అని పిలిచెను. జాతినిబట్టి, స్త్రీ పురుష భేదమునుబట్టి మనిషిని తక్కువగా చూచుట ఎట్టిదో, వయస్సునుబట్టి చూచుటయు అట్టిదే యని ఆయన వాదము. తెలుగులో దీనిని వయోవివక్ష అనవచ్చును. తక్కిన వివక్షలకును దీనికిని ఒక వింతయైన తేడా కలదు. ఒక జాతివాడు మరియొక జాతివాడుగా మారడు. కాని నేడు ముసలివారిని తేలికచేయు యువకుడు, బ్రతికియున్నచో, ఒకనాడు తప్పక ముసలివాడగును. ఇది మనిషి తన రేపటి రూపముమీద తానే వేసికొను నిందయని చెప్పవలెను.

వైద్యము చెప్పునది

వయస్సునకును ఈ వ్యాధికిని సంబంధము లేదని ఎవ్వరును అనజాలరు. తెలంగాణలో మొదటి కోవిడ్ రోగిని 2020 మార్చి 2వ తేదీన గుర్తించిరి. మొదటి మరణము ఆ మాసము 28న ప్రకటింపబడెను. మృతుని వయస్సు 74. ఐక్యరాజ్యసమితి 2020 మే మాసములో వెలువరించిన పత్రములో, 80 దాటిన వారిలో ఈ వ్యాధి మరణముల రేటు సగటు కంటె అయిదు రెట్లున్నదని చెప్పిరి. దీనికి కారణములు తెలిసినవే. క్రొత్త సూక్ష్మజీవి ప్రవేశించినపుడు దానిని గుర్తించి పోరాడు కణములు బాల్యములో వలె వార్ధక్యములో పుట్టవు. వానిని పెంచు థైమస్ అను గ్రంథి వయస్సుతోపాటు కుంచించుకొనిపోవును. రక్తపుపోటు, మధుమేహము, గుండెజబ్బు, ఊపిరితిత్తుల నలతలు అప్పటికే కొన్ని తోడై యుండును.

అయితే అంకెలను సగము చదివి ఊరకుండరాదు. 2020 జూలైలో కేంద్ర ఆరోగ్యశాఖ ప్రకటించిన లెక్కలలో, జనాభాలో పదింట ఒకవంతుగా నున్న 60 ఏండ్లు దాటినవారు మరణములలో నూటికి 53 వంతులుగా నుండిరి. ఇది పెద్ద సంఖ్యయే. కాని మిగిలిన 47 మంది మాటయేమి? వారు ముసలివారు కారు. "ఇది ముసలివారి జబ్బు" అను నానుడి పెద్దలను అవమానించుటయే గాక, చిన్నవారిని ఏమరుపాటులో పడవేసినది. 2021 వేసవిలో రెండవ ఉప్పెన వచ్చి, నడివయస్సువారు ప్రాణవాయువు కొరకు ఆసుపత్రుల వాకిళ్ళలో పడిగాపులు కాచినప్పుడు, ఆ నానుడి ఎంత ప్రమాదకరమైనదో అందరికిని తెలిసివచ్చెను.

వైద్యులు చెప్పు మరియొక సంగతి ఇంటింట తెలియవలసినది. ముసలితనములో వ్యాధి తన గురుతులను మార్చుకొనును. పడుచువానికి జ్వరము, దగ్గు వచ్చుచోట, ముదుసలికి జ్వరమే రాకపోవచ్చును. అన్నము సయించకపోవుట, మగతగా పడియుండుట, మాట తడబడుట, నడచుచు నడచుచు పడిపోవుట - ఇవియే మొదటి గురుతులు కావచ్చును. వీనిని చూచి ఇంటివారు "వయస్సు మీరినది గదా, ఇట్లే యుండును" అని సరిపుచ్చుకొందురు. ఆ ఒక్క మాటతో వైద్యము రెండు మూడు దినములు వెనుకబడును. ఇక్కడ వయోవివక్ష దుష్టబుద్ధితో రాలేదు. ప్రేమగల ఇంటిలో, అలవాటు రూపమున వచ్చినది. అయినను దాని ఫలితము ప్రాణము మీదికి వచ్చును.

ఒకే అంకె, రెండు పనులు

2020 మే 1వ తేదీన కేంద్ర హోంశాఖ ఒక ఉత్తరువు వెలువరించెను. 65 ఏండ్లు దాటినవారు, పదేండ్ల లోపు పిల్లలు, గర్భవతులు, ఇతర వ్యాధులు గలవారు అత్యవసరమైన పనులకును వైద్యమునకును తప్ప ఇల్లు కదలరాదని దాని సారాంశము. వ్యాధి స్వభావము సరిగా తెలియని ఆ దినములలో ఈ జాగ్రత్త సమంజసమే. కాని జాగ్రత్తకును నిషేధమునకును గల గీత ఎంత సన్ననిదో బొంబాయిలో తేలెను. మహారాష్ట్ర ప్రభుత్వము చలనచిత్రముల చిత్రీకరణకు అనుమతి నిచ్చుచు, 65 దాటిన నటులు, పనివారు ఆ స్థలమునకు రారాదని నిబంధన పెట్టెను. నటనయే జీవనాధారముగా గల ఒక 70 ఏండ్ల నటుడు న్యాయస్థానమున కేగెను. అదే వయస్సువాడు దుకాణము తెరచుకొనవచ్చును గాని నటించి పొట్ట పోసికొనరాదా అని ఆయన వాదము. 2020 ఆగస్టు 7న బొంబాయి హైకోర్టు ఆ నిబంధనను వివక్షగా నిర్ణయించి కొట్టివేసెను.

ఇదే వయస్సు మరియొక చోట మేలు చేసినది. 2021 మార్చి 1వ తేదీన సామాన్య ప్రజలకు టీకాలు మొదలైనపుడు, ఆరోగ్య సిబ్బంది తరువాత మొదటి వరుస 60 దాటినవారిది. వారితోపాటు ఇతర వ్యాధులు గల 45 ఏండ్లవారిది. తక్కిన 45 దాటినవారికి ఏప్రిల్ 1న, 18 దాటినవారికి మే 1న వంతు వచ్చెను. అపాయ మెక్కువగా నున్నవారికి రక్షణ ముందుగా నిచ్చుట న్యాయము. ఇక్కడ వయస్సు తలుపు తెరచినది. బొంబాయి నిబంధనలో తలుపు మూసినది. అంకెలో తప్పు లేదు. ఆ అంకెతో మనము చేయు పనిలోనే తప్పొప్పులు గలవు. వయస్సు వైద్యునకు ఉపయోగపడు సమాచారము. మనిషిపై చెప్పు తీర్పు కాదు. ఈ ఒక్క భేదమును పట్టుకొనినచో మహమ్మారి కాలపు చిక్కులనేకము విడిపోవును.

పడక ఒక్కటి, రోగులిద్దరు

అన్ని చిక్కులును అంత సులభముగా విడిపోవు. శ్వాసయంత్రము ఒక్కటియే యుండి, రోగు లిద్దరైనచో ఎవరికీయవలెను? ఇటలీ దేశములో 2020 మార్చి 6వ తేదీన అక్కడి మత్తువైద్యుల సంఘము, అత్యవసర చికిత్సా విభాగమున చేర్చుకొనుటకు వయఃపరిమితి పెట్టవలసి రావచ్చునని వ్రాసెను. ఆ వైద్యులు కసాయివారు కారు. వారు చూచుచున్న దృశ్యములట్టివి. అదే మాసములో స్పెయిన్ దేశమున వృద్ధాశ్రమములను శుద్ధిచేయబోయిన సైనికులకు, విడువబడిన ముసలివారును, పడకలపైననే మరణించినవారును కనబడినారని ఆ దేశపు రక్షణమంత్రి ప్రకటించెను. టెక్సాస్ రాష్ట్రపు లెఫ్టినెంట్ గవర్నరు, మనుమల కొరకు దేశపు వ్యాపారము నిలుచుటకై తాతలు తమ ప్రాణములను పణముగా పెట్టుటకు వెనుదీయరని టెలివిజన్‌లో పలికెను. ఆయన స్వయముగా తాతయే.

మన దేశములోను ఈ ప్రశ్న వచ్చెను. 2021 జూన్ 1న నల్ల ఫంగస్ వ్యాధికి మందు దొరకని కాలమున, ఢిల్లీ హైకోర్టు విచారణలో, మందు అందరికిని చాలనపుడు ఇంకను జీవితము ముందున్న యువకులకు ప్రాధాన్యమిచ్చు విధానమును ఆలోచింపుడని న్యాయమూర్తులు కేంద్రమునకు సూచించిరి. ముసలివారు తమ జీవితమును గడిపినవారు గదా యని వారి భావము. ఆ మాట అనుట తమకు బాధాకరమే యనియు వారు తెలిపిరి.

ఈ తర్కమునకు ఆర్థికశాస్త్రములో ఒక పేరు కలదు. క్రికెట్ ఆటలో ప్రతివానికిని తన వంతు బ్యాటు దక్కవలెను గదా. అట్లే ప్రతి మనిషికిని ఒక తగిన ఆయుర్దాయము దక్కవలెను. అది దక్కినవాడు ఇంకను దక్కనివానికి దారి ఇయ్యవలెను. బ్రిటన్ దేశపు అలన్ విలియమ్స్ 1997లో ఈ వాదమును విపులముగా వ్రాసెను. వినుటకు న్యాయముగానే యున్నది. కాని మన పల్లెలలోని ఒక ముదుసలిని ఎదుట నిలిపి ఈ మాట చెప్పి చూడుడు. ఎనిమిదవ యేట కూలికి పోయి, బడి ముఖము చూడక, సగము కాన్పులలో బిడ్డలను పోగొట్టుకొని, 65 దాటిన పిమ్మట పింఛను పుణ్యమా యని మొదటిసారి తన పేర నాలుగు రూకలు చూచిన ఆమెకు "నీ ఆట అయిపోయినది" అని చెప్పుట యెట్లు? ఆమెకు బ్యాటు చేతికి వచ్చినదే నిన్న. ఏండ్లను మాత్రమే లెక్కించు న్యాయము, ఆ యేండ్లలో ఎవరి కేమి దక్కినదో లెక్కింపదు.

మరి వైద్యుడేమి చేయవలెను? పుట్టిన సంవత్సరమును గాక, ఎదుటనున్న రోగిని చూడవలెను. కెనడా దేశపు వైద్యుడు కెన్నెత్ రాక్‌వుడ్ బృందము రూపొందించిన ఒక కొలత నేడు తొమ్మిది మెట్లుగా వాడుకలో నున్నది. వ్యాధి రాక ముందు ఈ మనిషి తన పనులు తాను చేసికొనుచుండెనా, నడచుచుండెనా, మంచము పట్టియుండెనా యని అది అడుగును. 80 ఏండ్ల వయస్సున పొలము గట్టున నడచువాడు ఒక మెట్టున నుండును. 66 ఏండ్లకే మంచము పట్టినవాడు మరియొక మెట్టున నుండును. ఈ కొలతయు దోషము లేనిది కాదు. కాని ఇది మనిషిని చూచును, పుట్టుక తేదీని కాదు. కేరళలో 2020 మార్చిలో వ్యాధి సోకిన 93 ఏండ్ల భర్తకును 88 ఏండ్ల భార్యకును కొట్టాయం వైద్యకళాశాలలో చికిత్స చేసి, ఏప్రిలులో ఇంటికి పంపిరి. 2021 మే మాసములో 110 ఏండ్లవాడని చెప్పబడిన ఒక సాధువు సికింద్రాబాదులోని గాంధీ ఆసుపత్రిలో కోలుకొనెను. ఇవి అరుదైన ఉదాహరణలే. వయస్సును చూచి ముందుగనే చేతులెత్తివేసినచో ఇవి యుదాహరణలుగానైనను మిగిలెడివి కావు.

గడపయొద్ద

ఇక మన ఊరి గడపకు వత్తము. "వ్యాధిగ్రస్తుని ప్రత్యేకమైన గదిలో ఉంచవలెను" అని అధికారులు చెప్పిరి. ఒకటే అర గల ఇంటిలో, తండాలోని రేకుల కప్పు క్రింద, ప్రత్యేకమైన గది యెక్కడిది? కొందరు పశువుల కొట్టమున పడుకొనిరి. కొందరు పొలములో మంచె వేసికొనిరి. కొందరు చెట్టు నీడను ఆశ్రయించిరి. తనకు తానుగా పోయిన యువకునికి అది కష్టమే గాని అవమానము కాదు. తీసికొనిపోయి విడువబడిన ముదుసలికి అది వేరు. 2020 సెప్టెంబరులో ఉమ్మడి వరంగల్లు జిల్లాలోని ఒక పల్లెలో, వ్యాధి సోకిన 82 ఏండ్ల తల్లిని కొడుకులు పొలములో వదలినారన్న వార్త పత్రికలలో వచ్చెను. చదివినవారందరును కొడుకులను తిట్టిరి. తిట్టుట సులభము. వారి భయమును పెంచినవారు, ఊరిలో వారి ఇంటివైపు చూచుటకే జంకినవారు, "ముసలామె గదా, మీ పిల్లల సంగతి చూచుకొనుడు" అని సలహా యిచ్చువారు ప్రతి ఊరిలోను ఉందురు. ఒక తల్లిని పొలమునకు పంపుటకు ఒక ఇంటి నిర్దయ చాలదు. చుట్టుప్రక్కల మౌనము కూడ కావలెను.

చట్టము ఈ విషయమున మౌనముగా లేదు. 2007లో పార్లమెంటు చేసిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టము 60 దాటినవారందరికి వర్తించును. పెద్దలను విడిచిపెట్టు ఉద్దేశముతో ఎక్కడనైనను వదలినవారికి మూడు మాసముల వరకు కారాగారము, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండును విధింపవచ్చును. ప్రభుత్వ ఆసుపత్రులలో వీలైనంత వరకు వృద్ధులందరికిని పడకలుండవలెననియు, వారికి వేరు వరుస ఉండవలెననియు అదే చట్టము చెప్పుచున్నది. పోషణ కొరకు న్యాయవాది అక్కరలేకయే రెవెన్యూ డివిజను అధికారి అధ్యక్షతన గల ట్రిబ్యునల్‌ను ఆశ్రయింపవచ్చును. 2021 అక్టోబరు 1న వృద్ధుల సహాయము కొరకు 14567 అను ఫోను సంఖ్య దేశమంతటికిని అంకితము చేయబడెను. ఇన్ని యున్నను, అక్షరము రాని ముదుసలికి ఈ సంగతి చెప్పువారెవరు? కన్నకొడుకుపై ఫిర్యాదు వ్రాయించుటకు ఏ తల్లి చేయి ముందుకు చాచును? అందుచేత చట్టము తుది మెట్టు గావలెను గాని మొదటి మెట్టు కాజాలదు.

"ముసలివారు ఇంటికి భారము" అను మాటను కూడ లెక్కవేసి చూడవలెను. తెలంగాణలో 2014 నవంబరు నుండి ఆసరా పింఛను వృద్ధులకు నెలకు 1,000 రూపాయలు; 2019 జూన్ నుండి అది 2,016 అయ్యెను. 2020 మార్చి 25న దేశమంతటను పనులు నిలిచిపోయినపుడు కూలిపోయిన ఇండ్లు కోకొల్లలు. పట్నము నుండి కొడుకు వట్టిచేతులతో ఇల్లు చేరెను. ప్రభుత్వము తలకు 12 కిలోల బియ్యమును, కుటుంబమునకు 1,500 రూపాయలను ఇచ్చెను. అవి గాక అట్టి ఇంటిలో నెలనెలకు తప్పక రాదగిన రొక్కము ముసలివారి పింఛనే. బడులు మూతపడినందున పిల్లలను చూచుకొన్నదియు వారే. పొయ్యి ఆరనీయక నిలిపినవారిని "భారము" అనుట లెక్క తెలియనివారి మాట.

వెనుకటి మహమ్మారులు

ప్రతి మహమ్మారియు ముసలివారినే కోరునని తలచుట చరిత్ర తెలియకపోవుటయే. 1918లో ప్రపంచమును ముంచిన ఇన్‌ఫ్లూయెంజా విశేషముగా 20 నుండి 40 ఏండ్ల నడుమ నున్నవారిని పొట్టనబెట్టుకొన్నది. మన దేశములో కోటికి పైగా జనులు దానితో నశించిరి. 1911 నుండి 1921 వరకు గల దశాబ్దములో దేశ జనాభా పెరుగుటకు మారుగా తగ్గెను. వెనుకటి తరమువారు చిన్ననాట అట్టి సూక్ష్మజీవిని ఎదుర్కొని యుండుటచే కొంత రక్షణ పొందిరేమోనని పరిశోధకుల ఊహ. ఆ సంవత్సరము ఇంటిలో మిగిలి, అనాథలైన మనుమలను పెంచిన అవ్వలు, తాతలు ఎందరో!

అమ్మవారి జబ్బు మాట కూడ తలచుకొనవలెను. మశూచి ఒకసారి వచ్చి పోయినవారికి మరల రాదు. కావున అమ్మవారు పోసిన బిడ్డ మంచము దగ్గరకు భయము లేక పోగలవారు, ముఖమున మచ్చలు గల పెద్దలు. వేపమండ పట్టుకొని రాత్రులు మేలుకొన్నది ఆ చేతులే. ఆ జబ్బు మన దేశమున 1975తో అంతరించెను; 1980లో ప్రపంచమంతటను లేదని ప్రకటించిరి. గత్తర వచ్చినపుడును, ప్లేగు వచ్చినపుడును ఊరు విడిచి పొలములలో గుడిసెలు వేసికొనుట మన పెద్దలెరుగుదురు. అప్పుడు ఊరంతయు కలిసి కదలెడిది. ఒక్క ముదుసలిని మాత్రము పొలమునకు పంపి ఊరు ఊరుగా నిలిచియుండుట దానికి పూర్తిగా భిన్నమైనది.

ఒక గూడూరు ఉపాధ్యాయుడు

వయస్సు తీర్పు కాదనుటకు నిదర్శనము ఆ పాలకుర్తి గూడూరులోనే కలదు. చుక్కా రామయ్యగారు 1925 నవంబరు 20న అక్కడ జన్మించిరి. నిజాము పాలనకు వ్యతిరేకముగా సాగిన పోరాటమున పాల్గొని, పిమ్మట గణితోపాధ్యాయులైరి. ప్రభుత్వోద్యోగము నుండి విరమించునపుడు లోకము మనిషి పని అయిపోయినదనును. రామయ్యగారి పేరు రాష్ట్రమంతట మారుమ్రోగినది ఆ తరువాతనే. హైదరాబాదు నల్లకుంటలో ఆయన నడపిన శిక్షణ వలన పల్లెటూరి పిల్లలెందరో ఐ.ఐ.టి. మెట్లెక్కిరి, జనులు ఆయనను ఐ.ఐ.టి. రామయ్య అనిరి. 80 దాటిన పిమ్మట శాసనమండలిలో ఉపాధ్యాయుల ప్రతినిధియైరి. మహమ్మారి వచ్చిననాటికి ఆయనకు 94 నిండినవి. అప్పటి ఉత్తరువు ఆయనను గడప దాటవద్దనెను. ఊపిరితిత్తుల రక్షణకు అది తగిన మాటయే. కాని ఆయన విద్యకు, ఆలోచనకు ఆ యుత్తరువు వర్తింపదు. అందరు వృద్ధులును రామయ్యగారు కారని అనవచ్చును. నిజమే. అందరు యువకులును ఐ.ఐ.టి. చేరువారు కారు గదా! గొప్పవాడైనంత మాత్రమున ఒకరికి గౌరవమిచ్చి, కానివారికి నిరాకరించుట కూడ వివక్షయే. విత్తనము దాచు కిటుకు తెలిసిన అవ్వకును, బ్రతుకంతయు బరువులు మోసి ఏ విద్యయు మిగుల్చుకొనలేని తాతకును, మంచము పట్టిన వానికిని ఆ హక్కు సమానము.

తరగతి గదిలో

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్చిలో వయోవివక్షపై ఒక నివేదికను వెలువరించెను. 57 దేశముల పరిశీలనల ప్రకారము, లోకములో ఇద్దరిలో ఒకరికి వృద్ధులయెడ వివక్షాభావము కలదని అందు తేల్చిరి. ఇంకొక పరిశోధన మనలను ఆలోచింపజేయునది. అమెరికాలో బెక్కా లెవీ అను ఆచార్యురాలు 2002లో ప్రకటించిన దాని ప్రకారము, తమ ముసలితనమును గూర్చి మంచి భావము గలవారు, లేనివారి కంటె సగటున ఏడున్నర ఏండ్లు అధికముగా జీవించిరి. ఆ భావము ముసలితనములో పుట్టదు. బాల్యములో విన్న మాటలతో అది నాటుకొనును. కావున ఈ విషయము ఆసుపత్రిది ఎంతయో, బడిదియు అంతయే.

2020లో మన పిల్లలు నెలల తరబడి బడి లేక ఇంట నుండిరి. సెప్టెంబరు 1 నుండి టి-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా పాఠములు వినిరి. కాని వారు నేర్చిన పాఠము లవియే కావు. "తాత దగ్గరకు పోకు" అను మాటను పిల్లలు దినమునకు పదిసార్లు వినిరి. తాతకు నీవలన జబ్బు సోకకుండవలెనని చెప్పితిమా, లేక తాతవలన నీకు సోకుననియా? మొదటిది ప్రేమను నేర్పును. రెండవది ఏవగింపును నేర్పును. మాట ఒక్కటే, కారణము చెప్పుటలోనే తేడా. చాల ఇండ్లలో మనము కారణమే చెప్పలేదు. పిల్లవాడు తనకు తోచిన కారణమును కల్పించుకొనెను.

అదే పిల్లలు మంచి పనులును చేసిరి. టీకా కొరకు ఫోనులో పేరు నమోదు చేయుట తెలియని అవ్వకు పేరు వ్రాసి పెట్టినది మనుమరాలు. ముసుగు వేసికొన్న డాక్టరు పెదవులు కనబడక, చెవులు సరిగా వినబడక తికమకపడిన తాతకు ఆ మాటను చెవిలో మరల చెప్పినది మనుమడు. ఇట్టి పనులను బడి గుర్తింపవలెను. మార్కులు వేయనక్కరలేదు, తరగతిలో ఒకసారి చెప్పించిన చాలును.

ఉపాధ్యాయ మిత్రులు చేయదగినవి మరికొన్ని కలవు. గణితములో సగటును బోధించునపుడు, నూటికి 53 అను సంఖ్య యొక ముదుసలి విషయమున ఏమి చెప్పునో, ఏమి చెప్పజాలదో పిల్లలచే చర్చింపజేయవచ్చును. శాస్త్రపాఠములో వ్యాధి నిరోధకశక్తిని చెప్పునపుడు, జ్వరము లేని జబ్బును గుర్తించుట నేర్పవచ్చును. పౌరశాస్త్రములో 2007 చట్టమును చదివించి, 14567 అను సంఖ్యను ప్రతి పిల్లవాని పుస్తకపు అట్టపై వ్రాయింపవచ్చును. తెలుగు తరగతిలో "కాటికి కాళ్ళు చాచిన" వంటి పలుకుబళ్ళను నిషేధింపనక్కరలేదు. ఎప్పుడు, ఎవరిని గూర్చి, ఎందుకు వాడుచున్నామో అడిగిన చాలును.

విద్యార్థులకును ఒక పని కలదు. మీ ఇంటిలోని పెద్దలను, లేనిచో ఇరుగుపొరుగు పెద్దలను, వారు చూచిన జబ్బుల కాలమును గూర్చి అడుగుడు. గత్తర వచ్చినపుడు నీళ్ళెక్కడనుండి తెచ్చిరో, అమ్మవారు పోసినపుడు ఎవరు కాచిరో, 2020లో తమకు నిజముగా కష్టము కలిగించినది జబ్బా, ఒంటరితనమా యని అడుగుడు. వారి సమాధానమును వారి మాటలలోనే వ్రాసికొనుడు. మరియొక మహమ్మారి రాదని ఎవ్వరును హామీ యీయజాలరు. అది వచ్చుననుకొన్న నాటికి మీలో కొందరు వైద్యులై యుందురు, కొందరు అధికారులై యుందురు, అందరును ఎవరో యొక ముసలివారి ఇంటివారై యుందురు. జబ్బుపడిన పెద్దను ఎక్కడ పడుకోబెట్టవలెనో నిర్ణయించువారు మీరే. ఆ నిర్ణయము చేయుటకు ముందు, ఆ పెద్దను కూడ ఒక మాట అడుగుడు.